గులాబీ జలుబుకు కారణం వెదికిన హకీం

చార్మినార్ పరిసరాల్లో అత్తరు దుకాణాలకు కొదవ లేదు. గులాబీ, మల్లె, ఊద్ పరిమళాలు మన ఇళ్లలో పండుగకూ, పెళ్లికీ, జుమా నమాజుకూ తోడుగా నిలుస్తాయి. అయితే అదే పరిమళం కొందరికి తుమ్ములనూ, కంటి నీటినీ, ఆయాసాన్నీ తెచ్చిపెడుతుంది. ఇంత మంచి వాసన నీకెందుకు పడదని మనం వారిని వింతగా చూస్తాం. ఒక్కోసారి పరిహసిస్తాం కూడా. వెయ్యేళ్లకు పూర్వమే ఈ ప్రశ్నను పరిహాసానికి విడువక, వైద్యుని ప్రశ్నగా స్వీకరించిన మహనీయుడు అబూ బకర్ ముహమ్మద్ బిన్ జకరియా అల్ రాజీ.

నేటి టెహ్రాన్ సమీపంలోని రయ్ నగరంలో ఆయన క్రీ.శ. 865 ప్రాంతంలో జన్మించారు. రాజీ అన్న పేరు ఆ ఊరి నుండి వచ్చినదే. రయ్‌లోనూ, బగ్దాద్‌లోనూ ఆసుపత్రులకు అధిపతిగా పనిచేశారు. మశూచి, తట్టు వేర్వేరు వ్యాధులని స్పష్టంగా వివరిస్తూ గ్రంథం రచించారు. పూర్వికుల మాటను గౌరవిస్తూనే, రోగి వద్ద తాము చూసినది చూసినట్లు రాసుకోవడం ఆయన పద్ధతి. సర్సామ్ అనే మెదడు వ్యాధిలో కొందరికి రక్తం తీయించి, మరికొందరికి ఉద్దేశపూర్వకంగా మానివేసి, ఫలితాలను పోల్చి చూసినట్లు ఆయన రాతల్లో ఉంది. చివరి దశలో చూపు కోల్పోయి, 925 ప్రాంతంలో కన్నుమూశారు.

ఆయన సమకాలికుడైన అబూ జైద్ అల్ బల్ఖీ దేహ, మానసిక ఆరోగ్యాలపై గ్రంథం రాసిన పండితుడు. వసంతం వచ్చి గులాబీలు పూయగానే, వాటి వాసనకు ఆ పండితునికి జలుబు పట్టుకునేది. దీనికి కారణమేమిటో వివరిస్తూ అల్ రాజీ ప్రత్యేకంగా ఒక రిసాలా రచించారు. నాటి వైద్యం ప్రకారం శరీరంలోని అఖ్లాత్‌ల, అనగా నాలుగు ద్రవాల, సమతుల్యతను బట్టి ఆయన వివరణ సాగింది. ఆ వివరణ నేడు నిలువదు. కాని ఋతువునూ, పువ్వునూ, ఒక వ్యక్తి దేహ స్వభావాన్నీ ఒకే సూత్రంలో కలిపి చూసిన ఆ చూపు నిలిచింది.

ఐరోపాలో జాన్ బాస్టాక్ తన వేసవి జలుబును వైద్యుల ముందు వర్ణించినది 1819లో. పుప్పొడియే దానికి మూలమని చార్లెస్ బ్లాక్లీ తనపైనే ప్రయోగాలు చేసుకొని 1873లో ప్రకటించారు. అలర్జీ అన్న పదాన్ని 1906లో క్లెమెన్స్ ఫాన్ పిర్కే సృష్టించారు. హానిచేయని పుప్పొడినీ, ధూళినీ దేహ రక్షణ వ్యవస్థ శత్రువుగా భావించి పోరాడటమే అలర్జీ అని నేడు మనకు తెలుసు. గులాబీ పుప్పొడి బరువైనది, గాలిలో ఎక్కువ దూరం పోదు. కనుక అదే ఋతువులో పూసే గడ్డి, చెట్ల పుప్పొడి కూడా ఇటువంటి జలుబుకు కారణం కావచ్చు. ఘాటైన వాసన అలర్జీ లేకుండానే ముక్కునూ, ఊపిరితిత్తులనూ రేపవచ్చు.

ఈ హకీం హైదరాబాదుకు పరాయివారు కారు. అల్ రాజీ వైద్య సంగ్రహమైన ‘అల్ హావీ’ అరబీ మూలాన్ని 1955 నుండి 23 భాగాలుగా ముద్రించి లోకానికి అందించినది మన నగరంలో 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్. పాతబస్తీలో మక్కా మసీదు పొరుగున ఉన్న యునానీ ఆసుపత్రి కూడా ఆయన అనుసరించిన వైద్య పరంపరకు చెందినదే. గులాబీని గుల్కందుగా, అర్క్‌గా మందుకు వాడే పరంపరలోనే, ఆ గులాబీ ఒకరికి బాధ కలిగించగలదని గుర్తించిన వైద్యుడు ఉండటం గమనార్హం.

ఆయన నుండి మన ఇళ్లకు అందే పాఠం సులువైనది. బిడ్డ తరచూ తుమ్ముతుంటే, రాత్రి దగ్గుతుంటే, ఎప్పుడు, ఎక్కడ, దేని దగ్గర మొదలైనదో ఒక పుస్తకంలో రాసుకుందాం. ఊద్ పొగ వేసినప్పుడా, దుప్పట్లు దులిపినప్పుడా, ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ పూసినప్పుడా? ఆ పుస్తకంతో వైద్యుని కలుద్దాం. ఆయన ఇచ్చిన ఇన్‌హేలర్‌ను ఎవరో చెప్పారని మాన్పించవద్దు. ఊపిరి ఆడక మాట తడబడినా, పెదవులు నీలిబారినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి.

ఇంట్లో ఒక్కరికి పడకపోయినా ఆ పూట ఊద్ పొగ మానివేయడం మనకు పెద్ద త్యాగం కాదు. వారి బాధను సాకుగా కొట్టివేయక నమ్మడమే చికిత్సకు మొదటి మెట్టు. అల్ రాజీ తన సమకాలికుని విషయంలో చేసినది అదే.