బీఎస్-6 పికప్‌లో పాత ఆయిలే పోస్తున్నారా? డబ్బాపై ఏం చూడాలి?

బొలెరో పికప్, టాటా ఇంట్రా, దోస్త్.. కూరగాయల మార్కెట్ నుంచి సిమెంట్ షాపు దాకా సరకు రవాణా చాలావరకు వీటి మీదే నడుస్తోంది. కిస్తీల మీద తీసుకున్న బండి ఒక్కరోజు షెడ్డులో ఆగితే ఆ రోజు కిరాయి పోయినట్టే. అయినా ఆయిల్ మార్చేటప్పుడు చాలామంది అడిగేది ఒక్కటే.. లీటరు ఎంత? బీఎస్-6 బండ్లు వచ్చాక ఈ ఒక్క ప్రశ్న సరిపోవడం లేదు.

తేడా ఎక్కడ వచ్చింది?

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. పొగలోని మసిని పట్టుకునేందుకు చాలా డీజిల్ బండ్లలో సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ పెట్టారు. అందులో చేరిన మసిని బండే అప్పుడప్పుడు ఎక్కువ వేడితో కాల్చేసుకుంటుంది. అయితే ఇంజిన్ ఆయిల్‌లో కలిపే రసాయనాలు కాలితే బూడిద మిగులుతుంది. అది ఇక కాలదు, ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది. దాంతో పికప్ తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది, మీటర్‌లో లైటు వెలుగుతుంది. ఆఖరికి ఫిల్టర్ విప్పి శుభ్రం చేయించాలి, లేదా కొత్తది వేయించాలి. ఆయిల్‌లో మిగుల్చుకున్న డబ్బు ఆ బిల్లులో ఏ మూలకూ రాదు.

డబ్బాపై ఏం చూడాలి?

15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-30 వంటివి చిక్కదనాన్ని మాత్రమే చెబుతాయి. మొదటి అంకె చలిలో, రెండోది ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ ఎలా ఉంటుందో తెలిపేది. బూడిద సంగతి తెలియాలంటే ఏపీఐ అన్న చోట చూడాలి. సీకే-4 రకంలో బూడిద బరువులో 1 శాతం మించకూడదు. పాత సీఐ-4 రకానికి అలాంటి పరిమితి లేదు. రెండు డబ్బాల మీదా 15డబ్ల్యూ-40 అనే ఉండొచ్చు, లోపలిది మాత్రం వేరు. కొన్ని బండ్లకు ఏసీఈఏ సీ3 వంటి రకం కావాలి. ఏది పోయాలన్నది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది (డ్యాష్‌బోర్డు అరలోంచి తీసి చదివేవాళ్లు తక్కువే!).

డీపీఎఫ్ లేని పాత బండికి పుస్తకంలో సీఐ-4 ప్లస్ అని ఉంటే అదే చాలు. సీకే-4 పోసినా సాధారణంగా ఇబ్బంది ఉండదు, ఖర్చే కాస్త ఎక్కువ. 'మన ఎండలకు చిక్కటి ఆయిలే మంచిది' అనే మాట విని గ్రేడు మాత్రం మార్చొద్దు.

ఆయిల్ పెరిగితే?

ఆయిల్ నల్లబడితే కంగారు అక్కర్లేదు. మసిని తనలో పట్టి ఉంచుతోందనే అర్థం. కానీ పోయకుండానే డిప్‌స్టిక్‌పై మట్టం పెరిగితే అనుమానించాలి. టౌన్‌లోనే చిన్న చిన్న ట్రిప్పులు తిరిగే బండిలో మసి కాలడం మధ్యలో ఆగిపోయి, డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంటుంది. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. అలాంటప్పుడు గడువు వచ్చేదాకా ఆగకుండా మార్చేయాలి.

బిల్లు తప్పక తీసుకోవాలి. వారంటీలో ఉన్న బండికి తప్పు ఆయిల్ వాడారంటే కంపెనీ క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. సీలు మీ ఎదుటే తీయించండి, ఖాళీ డబ్బాను మళ్లీ నింపకుండా కోయించండి. నకిలీ అంటగట్టారనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. తీసేసిన ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. కాలువలో పారబోయకుండా అనుమతి ఉన్న రీసైక్లర్లకు చేరేలా ఇచ్చే షెడ్డులోనే మార్పించుకోండి.