రేవు నుంచి రేవుకు: వాహనాలను మోసే ఓడ పనితీరు

గోదావరి లంకల నుంచి వచ్చి ముంబయిలో స్థిరపడిన కుటుంబాలకు ‘పంటు’ కొత్త మాట కాదు. నరసాపురం–సఖినేటిపల్లి, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవులలో మనుషులను, వాహనాలను కలిపి నది దాటించే సాధనమది. ముంబయి భావుచా ధక్కా నుంచి మాండ్వాకు నడిచే రో-రో ఓడ అదే పనిని సముద్రం మీద పెద్ద ఎత్తున చేస్తున్నది. వాహనాలను క్రేనుతో ఎత్తకుండా, వాటి చక్రాల మీదనే లోపలికి నడిపించి, దించడం ఈ తరహా ఓడల లక్షణం.

ఈ సేవ 2020 మార్చిలో ప్రారంభమైంది. గ్రీసులో నిర్మితమైన ఈ ఓడ సుమారు 500 మంది ప్రయాణికులను, 150 వరకు వాహనాలను మోయగలదు. పన్వేల్, పేణ్ మీదుగా రోడ్డు మార్గం దాదాపు 100 కిలోమీటర్లు. సముద్రం మీద దూరం 20 కిలోమీటర్ల లోపే, ప్రయాణం సుమారు ఒక గంట. వానాకాలంలో గేట్‌వే నుంచి మాండ్వాకు తిరిగే చిన్న లాంచీలు ఆగిపోయినా, వాతావరణం అనుకూలించినంత మేరకు ఈ ఓడ నడుస్తుంది.

రేవులో పని

ఇటువంటి ఓడ సిబ్బందికి నడిసముద్రంలో కంటే రేవులోనే శ్రమ ఎక్కువ. అమావాస్య, పౌర్ణమి రోజులలో ముంబయి తీరాన ఆటుపోట్ల తేడా 4 మీటర్లు దాటుతుంది. నీటితోపాటు ఓడ లేచి దిగుతుంది గనుక రేవుకూ ఓడకూ నడుమ ఉండే ర్యాంపు వంపు పూటపూటకూ మారుతుంది. వాహనాలను ఎక్కించే క్రమం కూడా లెక్క ప్రకారమే సాగుతుంది. బరువు ఒక పక్కకు చేరితే ఓడ అటు ఒరుగుతుంది. అందువల్ల ముందు వరుసలోని కారును ఆపి, వెనుకనున్న బస్సును ముందుగా పిలవడం పక్షపాతం కాదు; తూకం సరిచూడడం.

ఉప్పునీరు ఇనుమును తింటుంది. అడుగుభాగానికి అంటుకునే గుల్లలు వేగాన్ని తగ్గించి, ఇంధన వ్యయాన్ని పెంచుతాయి. అందుకే ప్రయాణికుల ఓడలకు ఏటా తనిఖీ ఉంటుంది. మరమ్మతు రోజులలో సేవ నిలిచిపోవడం సహజం.

తలుపు, నీరు

నిండుకుండ తొణకదంటారు. వెడల్పాటి పళ్లెంలో కొద్దిపాటి నీరు పోసి పట్టుకుంటే మాత్రం, కాస్త వంగగానే ఆ నీరంతా ఒకే అంచుకు పరుగెత్తి పళ్లెం మరింత ఒరుగుతుంది. రో-రో ఓడలో వాహనాల అంతస్తు అటువంటి పళ్లెమే. వాహనాలు సాఫీగా కదలడానికి అక్కడ అడ్డుగోడలు ఉండవు. అందుచేత తలుపు గుండా నీరు చేరితే ఎంత పెద్ద ఓడకైనా ప్రమాదమే.

1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్గె రేవు నుంచి ఇంగ్లండులోని డోవరుకు బయలుదేరిన ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ ముందు తలుపులు తెరిచే ఉన్నాయి. వాటిని మూయవలసిన ఉద్యోగి తన గదిలో నిద్రలో ఉన్నాడు. అవి మూసే ఉంటాయని కెప్టెన్ భావించాడు; వాటి స్థితిని తెలిపే దీపం ఓడను నడిపే గదిలో లేదు. నిమిషాల వ్యవధిలో ఓడ పక్కకు ఒరిగి, 193 మంది మరణించారు. ఆ తరువాత తలుపుల స్థితిని చూపే దీపాలను అంతర్జాతీయ నియమాలు తప్పనిసరి చేశాయి. తలుపు మూశారని ఊహించుకోవడం కాదు, రూఢి చేసుకున్న తరువాతే కదలాలన్నది నాటి నుంచి నేర్చుకున్న పాఠం. బయలుదేరే ముందు జరిగే జాప్యంలో కొంత దీనికోసమే.

ప్రయాణికుల వంతు

వాహనం నిలిపిన వెంటనే ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచాలి. నిద్రపోతున్న పిల్లలను సైతం లేపి, అందరూ పై అంతస్తుకు చేరుకోవాలి. ఆపద వేళ ఇరుకుగా నిలిపిన వాహనాల మధ్య నుంచి బయటపడడం కష్టం. లైఫ్ జాకెట్లు ఎక్కడున్నవో, బయటకు దారి ఎటో కూర్చోకముందే చూసుకోవాలి. అక్కడి ప్రకటనల భాష అర్థం కాని పెద్దలు వెంట ఉంటే, వారికి ఆ సూచనలను తెలుగులో విడమరచి చెప్పడం కుటుంబంలోని చదువుకున్నవారి బాధ్యత.