కుర్రవాడు ‘అంతు చూస్తా’నంటే...

బోగోలు నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. ఆమె కొడుకుకు 19 ఏళ్లు. ఇంటర్ తప్పాడు. రాత్రిళ్లు నిద్రపోడు, స్నానం చేయడు, గదిలో తనలో తాను మాట్లాడుకుంటాడు. పక్కవీధి అమ్మాయి తనను చూసి ఎగతాళిగా నవ్వుతోందనీ, దాని అంతు చూస్తాననీ అంటున్నాడు. తండ్రికి తెలిస్తే చావబాదుతాడని ఆమె దాచిపెట్టారు. “రేపు వాడేదైనా చేస్తే ఆ పాపం మాదేనా?” అని అడుగుతున్నారు.

అమ్మా, చేసినవాడే మొదటి బాధ్యుడు. కాని ముందే తెలిసినవారికి పూచీ లేదనడం కుదరదు.

2008 డిసెంబరులో వరంగల్లులో స్కూటరు మీద వెడుతున్న ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ పోశారు. పోలీసులు పట్టుకున్న ముగ్గురు యువకులు మూడు రోజులకే కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసులకు పూలదండలు వేశారు. ఆ నెలాఖరున అమ్మాయిల్లో ఒకరు కన్నుమూశారు. నిందితులపై విచారణే జరగలేదు గనుక, ఈ సంగతి ముందుగా ఎవరి చెవిన పడింది, ఎవరు విని ఊరుకున్నారు అనే ప్రశ్న కోర్టు దాకా రాలేదు. దుకాణదారు పూచీ మాత్రం తరువాత నిర్ణయమైంది. 2013లో సుప్రీంకోర్టు, యాసిడ్ కొనేవారి పేరు, చిరునామా రాసుకోవాలనీ, 18 ఏళ్లు నిండనివారికి అమ్మరాదనీ ఆదేశించింది. బెదిరింపు విన్న స్నేహితుడికీ, మేనమామకూ, లెక్చరరుకూ అలాంటి రిజిస్టరు ఏదీ లేదు.

మానసిక వ్యాధి ఉన్నవారిలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. అయితే వారాల తరబడి నిద్రలేమి, లేని మాటలు వినిపించడం, అందరూ తనపై కుట్ర పన్నారనుకోవడం, వీటికి మద్యమో గంజాయో తోడవడం, ఫలానావారినని పేరు పెట్టి బెదిరించడం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఈ జబ్బు తరచు ఈ వయసులోనే బయటపడుతుంది. మందులకు లొంగుతుంది. తాయెత్తు కట్టిస్తే కట్టించండి, మాత్రలు మాత్రం మాన్పించకండి. పెళ్లి చేస్తే కుదురుకుంటాడని ఎవరు చెప్పినా వినకండి. ఇంకొకరి పిల్ల ప్రాణంతో చేసే వైద్యం అది.

బిట్రగుంటలో రైలెక్కి నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్యునికి చూపించండి. రానంటే 14416కు ఫోను చేయండి. టెలీ మానస్ వారు ఉచితంగా తెలుగులోనే సలహా ఇస్తారు. కొట్టవద్దని భర్తకు చెప్పండి. కత్తులు, పురుగుమందులు ఇంట్లోంచి తీసేయండి. తిరగబడితే పోలీసులను పిలవడానికి సందేహించకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలాంటి రోగిని వారు 24 గంటల్లోగా ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి, లాకప్పులో ఉంచరాదు.

ఇక మీరు భయపడుతున్న పని. ఆ అమ్మాయి తల్లిదండ్రులకు చెప్పాలి. రోగి రహస్యం కాపాడవలసిన వైద్యుడికి కూడా, మరొకరికి హాని జరిగేటట్లుంటే చెప్పడానికి ఆ చట్టమే వీలు కల్పించింది. పరువు సంగతి తరువాత. ఈ సాయంత్రమే వెళ్లి, అబ్బాయికి జబ్బు చేసిందనీ, వైద్యం చేయిస్తున్నామనీ చెప్పండి. పిల్లను చదువు మాన్పించవద్దనండి. కొద్దిరోజులు కాలేజీకి ఎవరైనా తోడు వెళ్తే చాలు.