సంద్రంలో ఏరు

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఉన్న తీరానికి ఎదురుగా సముద్రం ఏడాది పొడుగునా ఒకే వైపు పారదు. ఫిబ్రవరి నుంచి మే దాకా నీరు ఈశాన్యంగా, ఒడిశా వైపు సాగుతుంది. అక్టోబరు వచ్చేసరికి వెనుదిరిగి, విశాఖ, కాకినాడల మీదుగా తమిళ తీరానికి దిగుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని తూర్పు భారత తీర ప్రవాహం అంటారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో దీని వేగం సెకనుకు మీటరు దాటిన సందర్భాలున్నాయి. అట్లాంటిక్‌లోని గల్ఫ్ స్ట్రీమ్, జపాన్ పక్కన పారే కురోషియో ఇంతకంటే ఎంతో పెద్దవి. అయినా అవి దిశ మార్చుకోవు. ఏడాదిలో రెండుసార్లు తిరగబడటం రుతుపవనాల కింద ఉన్న ఉత్తర హిందూ మహాసముద్రం ప్రత్యేకత.

ఈ నీటిని పద్ధతిగా కొలవడం వాల్తేరులో మొదలైంది. అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడి విద్యార్థులతో కలిసి తీరం వెంట ఉష్ణోగ్రతలు, ఉప్పదనం కొలిచారు. ఎండాకాలంలో తీరం పక్కన అడుగు నీరు పైకి లేస్తోందనీ, శరదృతువులో పై నీరు కిందికి దిగుతోందనీ 1954లో ప్రచురించారు. దీనికి కారణం తీరం వాలులోనే ఉంది. ఉత్తరాంధ్ర తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. ఎండాకాలపు నైరుతి గాలి కూడా దాదాపు అదే గీత మీద వీస్తుంది. భూభ్రమణం వల్ల పై నీరు గాలి దారికి కుడివైపుకు, అంటే ఒడ్డు నుంచి లోపలికి జరుగుతుంది. ఖాళీ అయిన చోటికి లోతు నుంచి చల్లని నీరు వస్తుంది. దానితో వచ్చే పోషకాలు ప్లవకాలను పెంచుతాయి, ప్లవకాలు చేపలను. చలికాలపు ఈశాన్య గాలికి ఇదంతా తలకిందులవుతుంది.

ప్రవాహాన్ని కూడా ఈ గాలే నడుపుతూ ఉండి, లెక్క ఇక్కడితో తేలిపోయి ఉంటే బాగుండేది. కానీ ప్రవాహం నైరుతి రుతుపవనం కంటే ముందే, ఫిబ్రవరిలోనే, ఉత్తరానికి తిరుగుతుంది. రుతుపవనం ఉధృతంగా ఉన్న జులై, ఆగస్టుల్లో, గాలి అనుకూలంగా ఉన్నా, నీరసిస్తుంది. స్థానిక గాలి ఒక్కటే దీన్ని నడిపించడం లేదన్న మాట. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన సతీశ్ షెట్యే బృందం 1990లలో చేసిన నౌకా సర్వేలు, 1996లో మెక్‌క్రీరీ, హాన్, శంకర్, షెట్యే ప్రచురించిన గణిత నమూనా ఈ చిక్కును విప్పాయి. బంగాళాఖాతం నడుమ వీచే గాలులు, తీరం మీది గాలులు, ఖాతానికి ఉత్తరాన, తూర్పున ఉన్న ఒడ్ల మీది గాలులు, భూమధ్యరేఖ మీది గాలులు, ఈ నాలుగూ కలిసి ప్రవాహాన్ని నడుపుతాయని అవి తేల్చాయి.

నాలుగింటిలో నమ్మశక్యం కానిది చివరిది. రుతుపవనాలు మారే ఏప్రిల్, మే నెలల్లోనూ, మళ్లీ అక్టోబరు, నవంబరులోనూ భూమధ్యరేఖ వెంట పడమటి గాలులు బలంగా వీచి నీటిని తూర్పుకు తోస్తాయి. భూమధ్యరేఖ వెంట తూర్పుకు సాగే ఈ ప్రవాహాన్ని క్లాస్ విర్ట్కీ 1973లో వివరించారు. ఆ తోపుతో పుట్టిన కెల్విన్ తరంగాలు సుమత్రా ఒడ్డును తాకి రెండుగా చీలతాయి. ఉత్తరపు పాయ ఒడ్డును కుడిచేతి వైపు ఉంచుకుని అండమాన్ సముద్రం, మయన్మార్, బంగ్లాదేశ్ చుట్టి, ఒడిశా దాటి, బారువ, కళింగపట్నం, కోనాడల ఎదుటికి వస్తుంది. ఈ తరంగాన్ని ఒడ్డున నిలబడి చూసే వీల్లేదు. సముద్ర మట్టంలో దాని ఎత్తు సెంటీమీటర్లలోనే ఉంటుంది. లోపల మాత్రం వెచ్చటి నీటికీ చల్లటి నీటికీ మధ్య ఉండే హద్దు పదుల మీటర్లు పైకో కిందికో జరుగుతుంది. వారాల కిందట, వేల కిలోమీటర్ల అవతల వీచిన గాలి ఫలితం అది.

దక్షిణానికి తిరిగిన ప్రవాహం తనతో మంచినీటిని మోసుకొస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది నదుల వరద చాలావరకు వానాకాలం చివరికి ఖాతం తలభాగాన పోగుపడుతుంది. వంశధార, నాగావళి వరదలకు గట్ల మీద ఊళ్లు వణుకుతాయి గానీ ఈ నీటి లెక్కలో వాటి వాటా స్వల్పం. పోగుపడిన నీరు ఎటు పోతోందో చాలాకాలం సరిగా తెలియలేదు. నౌకలు అప్పుడప్పుడే వెళ్లేవి, తీరం వెంట ఉప్పదనాన్ని నిరంతరం కొలిచే ఏర్పాటు ఉండేది కాదు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ చాలా చవకైన దారి పట్టింది. 2005 మే నుంచి భారత తీరంలో ఎనిమిది చోట్ల మత్స్యకారులు అయిదు రోజులకొకసారి మోకాలి లోతు నీటిలోకి దిగి నీరు పట్టి ఇవ్వడం మొదలుపెట్టారు. మోకాలి లోతు నీరు నడిసంద్రం సంగతి చెబుతుందా అన్న అనుమానం సహజమే. లోపలి నీటి నమూనాలతో పోల్చి చూస్తే మార్పుల తీరు సరిపోయింది.

ఫలితాలను ఎ.వి.ఎస్. చైతన్య, వి.వి. గోపాలకృష్ణ, ఫ్రాన్స్‌కు చెందిన లెంగెయిన్, వియాలార్ తదితరులు 2014లో ప్రచురించారు. సాధారణంగా కిలో సముద్రపు నీటిలో ఉప్పు 35 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. వానాకాలం చివర ఖాతం ఉత్తరాన అది పది గ్రాములకు మించి పడిపోతోంది. ఆ తగ్గుదల సుమారు వంద కిలోమీటర్ల వెడల్పున్న పట్టీగా ఒడ్డును అంటిపెట్టుకుని దక్షిణానికి జరుగుతూ, రెండున్నర నెలల్లో దేశం కొసకు చేరుతోంది. పరిశోధకులు దీన్ని సముద్రంలోని నది అన్నారు. శ్రీకాకుళం, విజయనగరం తీరాలు ఆ నది ఎగువ దారిలో ఉన్నాయి.

కుండలో మజ్జిగ మీద తేట నిలిచినట్టు, తేలికైన ఈ నీరు బరువైన ఉప్పునీటి మీద నిలుస్తుంది. గాలి దాన్ని లోతుకు కలపలేదు. ఈ పలుచటి పొర కింద కూడా కొంత లోతు వరకు నీరు వెచ్చగానే ఉంటుంది. దీన్ని అవరోధ పొర అంటారు. వానాకాలంలో అది ఏర్పడే తీరును వినయచంద్రన్, వి.ఎస్.ఎన్. మూర్తి, రమేశ్‌బాబు 2002లో కొలతలతో చూపారు. మామూలుగా తుపాను తన దారిలోని సముద్రాన్ని కలచి, అడుగు చల్లదనాన్ని పైకి తెచ్చి, తన బలాన్ని తానే కొంత పోగొట్టుకుంటుంది. అవరోధ పొర ఉన్నచోట ఆ చల్లదనం అంతగా పైకి రాదు. బంగాళాఖాతంలో వర్షాకాలం తర్వాతి తుపానులు తెచ్చే చల్లదనం, ముందు వచ్చే వాటితో పోలిస్తే దాదాపు మూడో వంతేనని నీతు తదితరులు 2012లో లెక్కగట్టారు.

2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26 రాత్రి కళింగపట్నానికి ఉత్తరాన దాటిన గులాబ్, మూడూ వానాకాలం చివరో, ఆ తర్వాతో వచ్చినవే. ఏ ఒక్క తుపానునూ ఉప్పదనానికే ముడిపెట్టలేం. పై గాలుల తీరుకూ, గాలిలోని తేమకూ అందులో పెద్ద పాత్రే ఉంటుంది.

ఈ నది అన్ని ఏళ్లూ ఒకేలా పారదు. హిందూ మహాసముద్రంలో కొన్నేళ్లు సుమత్రా వైపు నీరు చల్లబడి, ఆఫ్రికా వైపు వేడెక్కుతుంది. 1999లో సాజీ, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా ఈ మార్పును ద్విధ్రువంగా వర్ణించారు. 1994, 1997, 2006, 2019 అలాంటి సంవత్సరాలు. అప్పుడు భూమధ్యరేఖ మీద పడమటి గాలులు తగ్గిపోతాయి లేదా ఎదురు తిరుగుతాయి, ఖాతం అంచు వెంట వచ్చే తరంగాలూ తారుమారవుతాయి. దక్షిణానికి పారే ప్రవాహం బలహీనపడి మంచినీరు ఉత్తరానే ఎక్కువగా నిలిచిపోతుంది. 1997లో పసిఫిక్‌లో ఎల్‌నినో అంత తీవ్రంగా ఉన్నా భారతదేశంలో వానలు మామూలుగానే పడటానికి ద్విధ్రువం తోడ్పడిందని కారుమూరి అశోక్ తదితరులు 2001లో వాదించారు. 

ఇప్పుడు కొలతలకు కొరత తగ్గింది. గోపాలపూర్, విశాఖల ఎదుట లోతు నీటిలో లంగరేసిన పరికరాలు వేర్వేరు లోతుల్లో ప్రవాహ వేగాన్ని నమోదు చేశాయి. గోపాలపూర్, పూరీల ఒడ్డున నిలిపిన రాడార్లు ఉపరితల ప్రవాహాన్ని చూస్తాయి. ఉపగ్రహాలు ఉప్పదనాన్ని కూడా అంచనా వేస్తున్నాయి, కాకపోతే ఒడ్డుకు దగ్గరగా వచ్చేసరికి నేల ప్రభావం వల్ల వాటి చూపు మసకబారుతుంది. మత్స్యకారులు సీసాల్లో పట్టే నీటి విలువ అక్కడే తెలుస్తుంది. అదే పద్ధతిలో పట్టిన నీటితో ప్లవకాల మోతాదు, బ్యాక్టీరియా, ఐసోటోపుల పాళ్లు కూడా తీరం వెంట గమనించవచ్చని 2014 నాటి పరిశోధకులు సూచించారు.