రేడియోలో రొద యెచటిది?

మన ఖమ్మము, భద్రాచలము అడవి యంచు గ్రామములలో కరెంటు పోయిన రాత్రి షార్టువేవు రేడియో స్పష్టముగా పలుకుట మనలో పలువురము గమనించియేయున్నాము. కారణమేమి? 3 మొదలు 30 మెగాహెర్ట్జుల వఱకు గల యీ తరంగములు మింటనున్న అయనావరణమున వంగి, వేల మైళ్లు దాటి, మిక్కిలి బలహీనములై మనకు చేరును. ఇంటిలోని నాసిరకపు ఎల్.ఇ.డి. దీపములు, ఫోను ఛార్జర్లు విద్యుత్తును సెకనుకు వేలకొలది మారులు తెంచి కలుపును. అందు పుట్టు రొద యా సన్నని మాటను కప్పివేయును.

పరీక్ష సులభము. రేడియోను బ్యాటరీతో నడుపుచు, పెద్దలచే మెయిన్ స్విచ్చి నాపింపవలెను. రొద యాగినచో దొంగ యింటనే యున్నాడు. ఆగనిచో పొరుగిండ్లయందో, వీథి తీగలయందో వెదకవలెను. పిమ్మట ఒక్కొక్క పరికరమునే వేసి చూచిన దొంగ దొరకును. దానిని మార్చుటయో, దాని తీగను ఫెరైటు వలయమునకు పలుమారులు చుట్టుటయో చేయవలెను. ఏరియలు తీగను ఇంటికి దూరముగా పెరటిలో కట్టుట మేలు. కరెంటు తీగల దాపున మాత్రము కట్టరాదు.

భద్రాచలమువద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగుల కెక్కెను. 2022 జూలైలో 71 అడుగులు దాటెను. అట్టి వేళల కరెంటును, ఫోనును నమ్ముకొని యుండరాదు. బ్యాటరీ రేడియో నొకదాని నుంచుకొని, రొదలో మాటను పట్టు నేర్పును ముందే యలవఱచుకొందము.