నలభై ఏళ్లకు తేరుకున్న పిల్లలు

హవాయి దీవుల్లో కవాయి ఒకటి. 1955 నాటికి అక్కడ బతుకుతెరువంటే చాలావరకు చెరకు తోటలు, అనాస తోటలే. జపాన్ నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి కూలి పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలూ అక్కడి మూలవాసులూ వాటినే నమ్ముకుని ఉండేవారు. ఆ ఏడాది దీవిలో పుట్టిన 698 మంది పిల్లల పేర్లు రాసుకుని, వాళ్లు నడివయసుకు వచ్చేదాకా వదలకుండా వెంట ఉంది ఒక పరిశోధక బృందం. దానికి సారథ్యం వహించినవారు ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. ఆవిడ బాల్యం కూడా సాఫీగా గడవలేదు. రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మనీలో పెరిగారు.

ఆ పిల్లల్లో మూడో వంతు మంది ఇళ్లు చెప్పుకోదగ్గవి కావు. కొందరి ఇంట్లో పేదరికం, కొందరి ఇంట్లో తండ్రి తాగుడు, మరికొందరి ఇంట్లో తల్లికి మానసిక జబ్బు. రోజూ గొడవలు పడే తల్లిదండ్రులు, పురిట్లోనే చిక్కులు ఎదుర్కొన్న శిశువులు కూడా ఉన్నారు. ఇలాంటి కష్టాలు నాలుగైదు ఒకే పిల్లవాడి నెత్తిన పడ్డ సందర్భాలూ తక్కువేం కాదు. పరిశోధకులు పదేళ్లప్పుడు వెళ్లి చూశారు, పద్దెనిమిదేళ్లప్పుడు మళ్లీ వెళ్లి చూశారు. ఈ పిల్లల్లో మూడింట రెండు వంతుల మంది అప్పటికే బడిలో వెనకబడటమో, పోలీసు రికార్డుల్లోకి ఎక్కడమో, పెళ్లి కాకుండానే గర్భవతులు కావడమో, మానసికంగా కుంగిపోవడమో జరిగింది. మిగిలిన 72 మంది మాత్రం ఏ ఆటంకమూ లేనట్టు చక్కగా ఎదిగారు. అన్ని దెబ్బలు తిని కూడా వీళ్లు ఎలా నిలబడ్డారన్న ప్రశ్న మీద తర్వాత పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి.

అసలు ఆసక్తికరమైన కథ ఆ 72 మందిది కాదనిపిస్తుంది. నిలబడలేకపోయినవాళ్లది. పద్దెనిమిదేళ్ల దగ్గరే లెక్క ఆపేసి ఉంటే వాళ్ల గురించి చెప్పడానికి మంచి మాటే ఉండేది కాదు. వెర్నర్ బృందం ఆపలేదు. ముప్ఫై రెండో ఏట ఒకసారి, నలభయ్యో ఏట ఇంకోసారి వాళ్లను వెతుక్కుంటూ వెళ్లింది. ఈ రెండింటి మధ్యలో, 1992లో, ఇనికీ అనే పెనుతుపాను ఆ దీవిని ఊడ్చిపెట్టేసింది కూడా. అయినా నలభై ఏళ్లకు వచ్చేసరికి, టీనేజీలో దారి తప్పారనుకున్నవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ, చట్టం జోలికి పోకుండా బతుకుతున్నారు. చిన్నవయసులోనే తల్లులైన అమ్మాయిల్లోనూ అధికభాగం కోలుకున్నారు.

ఏం జరిగింది ఈ మధ్యలో? వాళ్లనే అడిగితే వచ్చిన జవాబుల్లో అద్భుతాలేమీ లేవు. ఆగిపోయిన చదువును పెద్దయ్యాక కమ్యూనిటీ కాలేజీలో మళ్లీ అందుకున్నామన్నారు కొందరు. సైన్యంలో చేరి ఒక పని, ఒక క్రమం నేర్చుకున్నామన్నారు ఇంకొందరు. నెమ్మదస్తుడైన భర్తో, అర్థం చేసుకునే భార్యో దొరకడం చాలామంది చెప్పిన మాట. చర్చిలో, ప్రార్థనా బృందంలో తమవాళ్లనదగ్గ మనుషులు దొరికినవారున్నారు. ప్రాణాపాయం నుంచి బయటపడి, బతుకును కొత్తగా చూసుకున్నవారూ ఉన్నారు. సైకాలజిస్టు దగ్గరికి వెళ్లి బాగుపడ్డామన్నవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఆ రోజుల్లో ఆ దీవిలో అలాంటి సాయం ఎందరికి అందుబాటులో ఉందన్నది వేరే ప్రశ్న. కాబట్టి దీన్ని పట్టుకుని చికిత్స దండగ అనేయడం తొందరపాటు అవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ‘పెళ్లి చేస్తే అన్నీ అవే సర్దుకుంటాయి’ అనే మన ఇళ్లలోని పాత వైద్యానికి ఇది సమర్థన కాదు. కవాయిలో మేలు చేసింది పెళ్లి అనే తంతు కాదు, ఆ పెళ్లిలో దొరికిన మనిషి. ఆ మనిషి కొట్టేవాడో, ఎత్తిపొడిచేవాడో అయితే పాత పుండు మీద కొత్త దెబ్బ పడుతుంది.

ఆగిన చదువును పెద్దయ్యాక మళ్లీ అందుకోవడం తెలుగువారికి కొత్తేమీ కాదు. ఎనిమిదేళ్లకే పెళ్లయి, ఊహ వచ్చాక ఆ పెళ్లిని కాదనుకున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభ పెట్టారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను కూర్చోబెట్టి మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం ఆ సంస్థ మొదట చేపట్టిన పనుల్లో ఒకటి. కొండపల్లి కోటేశ్వరమ్మ ముప్ఫై ఏళ్లు దాటాక హైదరాబాద్‌లోని ఆంధ్ర మహిళాసభలో చేరి చదువుకున్నారు. ఊహ తెలియని వయసులోనే పెళ్లి, వెంటనే వైధవ్యం, తర్వాత పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ కోసం అజ్ఞాతవాసం, భర్తతో ఎడబాటు. ఇన్ని దాటుకుని వచ్చి ఆమె పుస్తకం పట్టారు. తర్వాత కాకినాడలో విద్యార్థినుల హాస్టల్ చూసుకుంటూ సొంతకాళ్ల మీద నిలబడ్డారు. ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వెలువడేనాటికి ఆమె తొంభై దాటారు. ఆమెకు మనస్తత్వ శాస్త్రపు ముద్ర ఏదో వేయడం సబబు కాదు. కానీ కవాయి జనం చెప్పిన దారిలాంటిదే ఇక్కడా ఒకటి తెరుచుకుందని మాత్రం అనవచ్చు.

బాల్యపు గాయం గురించి ఇప్పుడు ఎక్కువగా వినబడేది కవాయి పేరు కాదు. అమెరికాలోని శాన్ డియేగోలో 1995-97 మధ్య జరిగిన ఇంకో అధ్యయనం పేరు. ఊబకాయం తగ్గించే క్లినిక్ నడిపే విన్సెంట్ ఫెలిట్టీ అనే డాక్టరుకు ఒక విషయం అంతుపట్టలేదు. బరువు బాగా తగ్గుతున్నవాళ్లే చికిత్స మధ్యలో మానేసి వెళ్లిపోతున్నారు. వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడితే, చాలామంది చిన్నతనంలో లైంగిక హింసకు గురైనవాళ్లని బయటపడింది. లావుగా ఉంటే ఎవరూ తమవైపు చూడరన్నది కొందరికి ఒక రక్షణ. డాక్టరు జబ్బనుకున్నది వాళ్లకు కవచమన్నమాట. తర్వాత ఆయన, ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థకు చెందిన రాబర్ట్ ఆండా కలిసి 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను బాల్యం గురించి అడిగారు. దెబ్బలు, దూషణ, లైంగిక హింస, నిర్లక్ష్యం, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం, ఇంట్లోవాళ్లు జైలుకెళ్లడం లాంటి పది రకాల అనుభవాలు లెక్కకు వచ్చాయి. మొదటి విడతలో అడిగిన ఏడు రకాల్లో నాలుగు, అంతకు మించి ఎదుర్కొన్నవారికి తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు అసలేమీ ఎదుర్కోనివారికంటే నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువని 1998లో ప్రకటించారు. గుండెజబ్బు, క్యాన్సర్‌లతో కూడా లంకె కనిపించింది. ఆ జవాబులిచ్చినవాళ్లు ఎక్కువమంది చదువుకున్న మధ్యతరగతి మనుషులు, సగటున యాభై దాటినవారు. అంటే అర్ధశతాబ్దం తర్వాత కూడా ఆ ఇల్లు ఒంట్లో ఉండిపోయింది.

దురదృష్టం ఏమిటంటే జనం ఆ ప్రశ్నాపత్రాన్ని జాతకచక్రంలా వాడటం మొదలుపెట్టారు. ‘నా స్కోరు ఆరు, ఇక నా పని అయిపోయినట్టే’ అనుకునేవారు తయారయ్యారు. అధ్యయనం చేసిన ఆండానే 2020లో ఈ ధోరణిని తప్పుపట్టారు. వేలమందికి వర్తించే లెక్కతో ఒక్క మనిషి భవిష్యత్తు చెప్పలేమన్నారు. కష్టం ఎంతకాలం సాగింది, ఎంత తీవ్రంగా ఉంది, పక్కన ఎవరున్నారు అన్నవి ఆ పది ప్రశ్నల్లో ఉండవు.

అసలు గాయం పెద్దయ్యాక ఎందుకు పలుకుతుంది? భయం వేసినప్పుడు మనిషి పారిపోవాలి, లేదా ఎదురుతిరగాలి. ఆరేళ్ల పిల్ల ఆ రెండూ చేయలేదు. కొట్టేది అన్నం పెట్టే చెయ్యే అయితే మరీను. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా, ఒంట్లో కార్టిసాల్‌ను విడుదల చేసే వ్యవస్థ అలాంటి ఇంట్లో ఎప్పుడూ కాపలా కాస్తూనే ఉంటాయి. ఆ ఇల్లు వదిలి ఇరవై ఏళ్లయినా కాపలా ఆగదు. ఆఫీసులో మేనేజరు గొంతు పెంచితే నలభై ఏళ్ల మనిషికి అరచేతులు చెమటలు పడతాయి, నోట మాట రాదు. ఇంటికి వచ్చి ఆ కోపం పిల్లల మీద చూపిస్తాడు. సొంత కూతురికి తను దెబ్బలు తిన్న వయసు రాగానే ఎప్పుడూ లేని నిద్రలేమి మొదలయ్యే తల్లులూ ఉంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల కొత్త పట్టికలో ఇలాంటి దీర్ఘకాలిక హింస మిగిల్చే స్థితికి విడిగా చోటిచ్చింది. పీడకలలు, ఉలికిపాటు వంటి, తీవ్ర గాయం తర్వాత వచ్చే ఒత్తిడి రుగ్మత (పీటీఎస్‌డీ) లక్షణాలు ఉంటాయి. వాటితోపాటు కోపతాపాలు అదుపులో లేకపోవడం, ‘నేను పనికిరానిదాన్ని’ అన్న భావన పాతుకుపోవడం, మనుషులకు దగ్గర కాలేకపోవడం ఉంటాయి.

చికిత్స అనగానే మొదటి రోజే అన్నీ కక్కేయించడం అనుకుంటారు. మంచి వైద్యులు అలా చేయరు. జూడిత్ హెర్మన్ అనే అమెరికన్ మానసిక వైద్యురాలు 1992లోనే వరస చెప్పారు: ముందు భద్రత, తర్వాత జ్ఞాపకం చేసుకుని దుఃఖించడం, ఆపైన మనుషుల్లో కలవడం. ఇప్పటికీ హింసించేవాడితో ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లను పాత గాయం విప్పమనడం క్రూరత్వం. బాల్యంలో హింసకు గురైన మహిళల కోసం మేరిలీన్ క్లోయిత్రే తయారుచేసిన పద్ధతిలోనూ మొదటి సగమంతా ఉద్వేగాన్ని గుర్తుపట్టడం, తట్టుకోవడం, ‘కాదు’ అని చెప్పడం నేర్పడమే. కథ చెప్పడం రెండో సగంలో వస్తుంది. రెండూ కలిపి ఇచ్చినవారిలో ఫలితం మెరుగ్గా ఉందని, మధ్యలో మానేసినవారు తక్కువని 2010 నాటి పరీక్షలో తేలింది. కళ్లను అటూ ఇటూ కదుపుతూ జ్ఞాపకాన్ని తలచుకునే ఈఎండీఆర్ అనే పద్ధతినీ, గాయం మీద దృష్టిపెట్టే కాగ్నిటివ్ థెరపీనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. ఆ కళ్ల కదలిక వల్లే మేలు జరుగుతుందా అన్న తగవు నిపుణుల మధ్య ఇంకా తెగలేదు.

మరి వయసు మీరిపోతే? జర్మనీలో రెండో ప్రపంచయుద్ధాన్ని పిల్లలుగా చూసిన వృద్ధుల మీద క్రిస్టీన్ క్నేవెల్స్‌రూడ్ బృందం ఒక ప్రయత్నం చేసింది. చికిత్స మొత్తం ఇంటర్నెట్‌లో, రాతపూర్వకంగా సాగింది. డెబ్బై ఏళ్ల పెద్దమనుషులు ఆరు వారాల్లో పదకొండు వ్యాసాలు రాశారు. ముందు తమ జీవితకథ, తర్వాత ఆ భయంకరమైన ఘటన వివరంగా, చివరికి ఆనాటి తమకే, అంటే ఆ పిల్లవాడికో పిల్లకో ఒక ఉత్తరం. ఒక్కో దశలో థెరపిస్టు చదివి జవాబు రాసేవారు. ఆరేడు దశాబ్దాల నాటి లక్షణాలు తగ్గాయి. నెలలు గడిచాక చూసినా ఆ మార్పు నిలిచే ఉంది.

ఎవరి సాయమూ లేకుండా రాసుకున్నా ప్రయోజనం ఉండొచ్చని అంతకుముందే, 1986లో, జేమ్స్ పెన్నెబేకర్ చూపించారు. కాలేజీ విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట, ఎవరికీ చెప్పని బాధ గురించి రాశారు. రాసిన రోజున మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి ఆర్నెల్లలో మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. అయితే తీవ్రమైన గాయం ఉన్నవాళ్లు ఒంటరిగా ఈ పని మొదలుపెట్టకపోవడమే క్షేమం.

ఇంకో జాగ్రత్త: అన్ని జ్ఞాపకాలూ నమ్మదగ్గవి కావు. పదేపదే గుచ్చి అడిగితే కొందరికి జరగని ఘటనలు కూడా గుర్తున్నట్టు అనిపిస్తాయని ఎలిజబెత్ లాఫ్టస్ ప్రయోగాలు 1995లో రుజువు చేశాయి. ‘మీకేదో జరిగింది, హిప్నాటిజంతో బయటికి తీస్తాం’ అనేవారికి దూరంగా ఉండాలి.

మన సంగతికి వస్తే, కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల పిల్లలు, 12,447 మంది, మాట్లాడారు. ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవారే. సగానికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నారు. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లే. ఎక్కువమంది ఎవరికీ చెప్పుకోలేదు. ఆ పిల్లలంతా ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. మన వీధుల్లో, మన ఆఫీసుల్లో ఉన్నారు. వాళ్లకు ఇంట్లో దొరికే సలహా ఒక్కటే: ‘అయిపోయిందేదో అయిపోయింది, ఇప్పుడెందుకు తవ్వుతావు?’ దాని తోక పట్టుకుని ఇంకోటి వస్తుంది: ‘పెద్దవాళ్లను క్షమించెయ్.’ క్షమిస్తే తేలికపడేవారు ఉన్నారు. కానీ పైన చెప్పిన ఏ చికిత్సలోనూ క్షమించడం షరతు కాదు. హింసించిన బాబాయి పెళ్లి పత్రిక ఇవ్వడానికి వస్తే ఎదురుగా కూర్చోకుండా ఉండే హక్కు మనిషికి ఉంది.

సాయం కావాలంటే 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ ఇది. తెలుగులో మాట్లాడేవారు ఉంటారు, డబ్బు తీసుకోరు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రులున్నాయి. ప్రైవేటుగా వెళ్లేవాళ్లు బోర్డు మీద ‘కౌన్సెలర్’ అని చూసి సరిపెట్టుకోకుండా, క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉందో లేదో అడగాలి. గాయం మీద పనిచేయడంలో ఏ పద్ధతి నేర్చుకున్నారు, ఎన్ని సిటింగులు పట్టవచ్చు, మధ్యలో బాధ పెరిగితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి మొదటి రోజే అడగదగ్గ ప్రశ్నలు. వీటికి విసుక్కునే థెరపిస్టును మార్చేయడంలో తప్పేమీ లేదు. మొదటివారితో కుదరక రెండోవారి దగ్గర కుదిరినవాళ్లు చాలామందే ఉంటారు.