పుట్టించేందుకు నిధులు, పోషించేందుకు మొండిచేయి

2020 జనవరిలో కరోనా వైరస్ చైనా సరిహద్దులు దాటుతున్న తరుణంలో, విదేశాల నుంచి వచ్చే ప్రయాణికుల వివరాలను నమోదు చేసి వారి ఆరోగ్యాన్ని గమనించే కంప్యూటర్ వ్యవస్థను శ్రీలంక కొద్ది రోజుల వ్యవధిలోనే సిద్ధం చేసుకుంది. తరువాత అనేక దేశాలు దానిని ఆదర్శంగా తీసుకున్నాయి. సంపన్న దేశాలే తడబడిన వేళ ఒక చిన్న ద్వీప దేశానికి ఈ వేగం ఎలా సాధ్యమైంది? శ్రీలంక వైద్యుల, నిపుణుల దక్షత ఒక కారణం. అప్పటికే పాతికేళ్లుగా ఎవరో ఒకరు కనిపెట్టుకుని కాపాడుతూ వచ్చిన పరిశోధనా సాఫ్ట్‌వేర్ చేతికందడం రెండవ కారణం.

ఆ సాఫ్ట్‌వేర్ పేరు డిహెచ్‌ఐఎస్-2. వర్ణవివక్ష అంతమైన దక్షిణాఫ్రికాలో 1994 ప్రాంతంలో మొదలైన ఆరోగ్య సమాచార పరిశోధన దీనికి మూలం. నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయం దానిని పెంచి పోషించింది. ఈ పరిశోధన భారతదేశంలో తొలిసారి అడుగుపెట్టింది 2000లో, చిత్తూరు జిల్లా కుప్పంలో కావడం తెలుగువారికి ఆసక్తి కలిగించే విషయం. కొత్తగా రూపొందించిన రెండవ తరం సాఫ్ట్‌వేర్‌ను 2006లో మొదట కేరళలో ఆచరణలో పెట్టారు. బంగ్లాదేశ్ దీనిని జాతీయ స్థాయిలో స్వీకరించింది. నేడు 70కి పైగా దేశాలు వినియోగిస్తున్నాయి.

ఇంతకాలం ఇది నిలబడటానికి కారణం ప్రతిభ ఒక్కటే కాదు, వరుసగా అందిన ధనం కూడా. నార్వే అభివృద్ధి సహకార సంస్థ నోరాడ్, గ్లోబల్ ఫండ్, యూనిసెఫ్ వంటి సంస్థల తోడ్పాటుతో ఓస్లోలో జీతభత్యాలు పొందే ప్రధాన బృందం కొనసాగుతోంది. ఆ బృందం లోపాలను సవరిస్తుంది, కొత్త సంచికలు విడుదల చేస్తుంది, దేశదేశాల్లో శిక్షణ ఇస్తుంది. అయితే విశ్వవిద్యాలయాల్లో పుట్టే సాఫ్ట్‌వేర్‌లో అధికభాగానికి ఈ అదృష్టం లేదు.

సాఫ్ట్‌వేర్ ఇనుములా తుప్పుపట్టదు. ఒకసారి రాస్తే చాలునన్న అభిప్రాయం ఉంది. ఇది పొరపాటు. కార్యక్రమం మారకపోయినా దాని చుట్టూ ఉన్న ప్రపంచం మారిపోతుంది. పైథాన్ భాష రెండవ తరానికి అధికారిక మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. ఆ భాషలో రాసిన ప్రయోగశాల కార్యక్రమాలను తిరగరాయడమో, వదిలేయడమో తప్పలేదు. 2019లో హవాయి విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞులు మరో ప్రమాదాన్ని బయటపెట్టారు. అణువుల నిర్మాణాన్ని నిర్ణయించేందుకు పలువురు పరిశోధకులు వాడుతున్న ఒక చిన్న కార్యక్రమం ఒక్కో రకం కంప్యూటర్‌పై ఒక్కో జవాబు ఇస్తోందని వారు గుర్తించారు. ఫైళ్లను ఏ వరుసలో చదవాలో అందులో స్పష్టంగా చెప్పకపోవడమే లోపం. అదే కార్యక్రమాన్ని ఆధారం చేసుకున్న ఎన్నో పరిశోధనా పత్రాల లెక్కలను మళ్లీ సరిచూసుకోవలసిన అగత్యం ఏర్పడింది.

అగ్రరాజ్యాల్లోనూ పరిస్థితి మెరుగుగా లేదు. శాస్త్ర గణనకు వెన్నెముక వంటి నమ్‌పై సాఫ్ట్‌వేర్ స్వచ్ఛంద శ్రమ మీదనే ఏళ్ల తరబడి నడిచింది. 2017లో ఒక అమెరికా ఫౌండేషన్ 6,45,000 డాలర్లు ఇచ్చేవరకు దానికి ప్రత్యేక నిధులు లేవు. గణితానికి ఉపకరించే సేజ్ సాఫ్ట్‌వేర్‌ను 2005లో ఆరంభించిన ఆచార్యుడు విలియం స్టెయిన్, విద్యారంగంలో దానికి నిధులు సమకూర్చుకోలేక 2016లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయాన్ని వీడి సొంత సంస్థ వైపు మళ్లారు. బ్రిటన్ మాత్రం 2010లోనే పరిశోధనా సాఫ్ట్‌వేర్ సుస్థిరతకు ప్రత్యేక సంస్థను నెలకొల్పింది.

భారతదేశం విషయానికి వస్తే, 2020-21లో పరిశోధనపై జరిగిన మొత్తం వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతమే. పరిశోధనా ప్రాజెక్టులు సాధారణంగా మూడేళ్లకు మంజూరవుతాయి. కార్యక్రమం రాసేది ప్రాజెక్టు సహాయకులు, పిహెచ్‌డి విద్యార్థులు. గడువు ముగిసిన వెంటనే వారు వేరే ఉద్యోగాలకు తరలిపోతారు. కొన్న యంత్రానికి వార్షిక నిర్వహణ ఒప్పందం కుదుర్చుకోవడం ఆనవాయితీ. సొంతంగా తయారుచేసుకున్న సాఫ్ట్‌వేర్‌కు అటువంటి ఆలోచనే అరుదు. 2015లో 4,500 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించిన జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్‌లో అనువర్తనాల అభివృద్ధికి చోటు కల్పించారు. వాటి ఆలనాపాలన చూసే స్థిరమైన ఉద్యోగులు లేకపోతే ఆ పెట్టుబడి ఫలితం పూర్తిగా దక్కదు.

మన దేశంలో అనుసరించదగిన ఉదాహరణలు లేకపోలేదు. యూజీసీ ఆధ్వర్యంలో గాంధీనగర్‌లో పనిచేస్తున్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం విశ్వవిద్యాలయ గ్రంథాలయాల కోసం ‘సోల్’ సాఫ్ట్‌వేర్‌ను 2000లో విడుదల చేసి, 2009లో రెండవ సంచికను తెచ్చింది. దానిని కాపాడే బాధ్యత ఒక శాశ్వత సంస్థది కావడం, వాడుకునే గ్రంథాలయాలు కొంత రుసుము చెల్లించడం దాని మనుగడకు తోడ్పడ్డాయి.

రాసిన ప్రతి కార్యక్రమాన్నీ కలకాలం పోషించడం ఏ ఖజానాకూ సాధ్యం కాదన్న వాదనలో నిజముంది. కాబట్టే ఎంపిక అవసరం. ఎందరు వాడుతున్నారు, ఆగిపోతే ఎవరికి నష్టం అన్నవి గీటురాళ్లు కావాలి. పూర్తిగా విదేశీ దాతలను నమ్ముకోవడమూ క్షేమం కాదు. 2025లో అమెరికా విదేశీ సహాయాన్ని భారీగా కుదించిన తీరు అందుకు హెచ్చరిక.

2024 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన చట్టం మేరకు అనుసంధాన్ జాతీయ పరిశోధనా ఫౌండేషన్ ఏర్పడింది. 2023-28 మధ్య 50,000 కోట్ల రూపాయలు సమీకరించాలన్నది దాని లక్ష్యం. అందులో పెద్ద భాగం ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలి. ఆ నిధిలో నిర్వహణకు విడిగా ఒక పద్దు, విశ్వవిద్యాలయాల్లో పరిశోధనా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు స్థిరమైన కొలువులు, ప్రాజెక్టు మంజూరు నాడే గడువు తరువాత బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఉంటే పరిస్థితి చాలావరకు చక్కబడుతుంది.

చెరువు తవ్వించినవారి పేరు శిలాఫలకంపై నిలుస్తుంది. ఏటా పూడిక తీసేవారి పేరు ఎక్కడా ఉండదు. కానీ పంట పండేది ఆ పూడిక తీసిన ఏడే. కొత్త ఆవిష్కరణలకు శంకుస్థాపన చేయడంలో చూపే ఉత్సాహంలో కొంతైనా ఉన్నవాటిని నిలబెట్టుకోవడంలో చూపితే, మరో విపత్తు ముంచుకొచ్చిన నాడు వెతుకులాట తప్పుతుంది.